ఇంటర్వెల్ టీము

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో కళాసీ నానాజీకి మెడ లేదంటారు. ఉందిలెండి. కాకపోతే ముప్పయ్యేళ్ళు బెల్లం దిమ్మలు మోసి మోసి భుజాల్లోకి దిగిపోయింది. బండి మీంచి దిమ్మ దించాలి, నెత్తిన పెట్టుకోవాలి, కొట్టులో వరసగా పేర్చాలి, వేలం అయ్యాక మళ్ళీ ఎత్తి లారీలో వెయ్యాలి. అదీ అతని బతుకు. తెల్లారేసరికి మార్కెట్టుకు వెళ్ళినవాడు మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి, ఇంత అన్నం తిని చాప మీద వాలాడంటే సాయంత్రం దాకా ఇల్లు కూలినా లేవడు. ఈ నిద్ర సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సాయంత్రం లేచిన నానాజీ వేరే మనిషి. అతనిది వేగివారిపాలెం, అనకాపల్లికి ఆటోలో ఇరవై నిమిషాలు. ఆ ఊరి ఆడపిల్లల కబడ్డీ జట్టుకు అతనే కోచ్. ఎవరూ పెట్టలేదు, తనను తానే పెట్టుకున్నాడు. అయిదేళ్ళ కిందట అక్క గంగాభవాని ఇంటికి వెళితే, మేనకోడలు ధనశ్రీ కళ్ళంలో గీత గీసుకుని ఒంటరిగా కూత పెడుతోంది. ఎదురు జట్టులో నాలుగు కోళ్ళున్నాయి. వాటిని ముట్టుకుని గీతకు పరిగెత్తుకొస్తోంది. ఆ పిల్ల అడుగు వేసే తీరు చూసి నానాజీకి ఒళ్ళు జలదరించింది. వారం తిరక్కుండా ఊళ్ళో పన్నెండుమంది పిల్లల్ని పోగేశాడు.

అతనికి తెలిసిన విద్య ఒక్కటే, బరువు. ఇసక బస్తా భుజాన వేసి గుంజిళ్ళు తీయించేవాడు. పాత ట్రాక్టరు టైరు పల్టీలు కొట్టించేవాడు. ఒకరి వీపు మీద ఒకరిని ఎక్కించి కాలవ గట్టు ఎక్కించేవాడు. “కండుంటే కబడ్డీ. నేకపోతే గట్టు మీద కూకోని సప్పట్లు కొట్టుకోడవే,” అనేవాడు. నిజం చెప్పాలంటే పిల్లలు గట్టిపడ్డారు. ధనశ్రీ తొడ పట్టుకున్న పిల్లకు తన చేతులే నొప్పెట్టేవి. జిల్లా పోటీల్లో మొదటి పదిహేను నిమిషాలూ ఎదుటి జట్టు ముఖాలు చూడాలి! విరామానికి ఎనిమిదో పదో పాయింట్లు ముందుండేవాళ్ళు. విరామం అయ్యాక మాత్రం ఎవరో గాలి తీసేసినట్టు అయిపోయేవాళ్ళు. కాళ్ళు లేచేవి కావు, కూత గొంతులోనే నలిగిపోయేది. మూడేళ్ళు వరసగా ఇదే తంతు. మూడేళ్ళూ రెండో సగంలోనే ఓడారు.

జనం ఊరుకుంటారా? ‘ఇంటర్వెల్ టీము’ అని పేరు పెట్టేశారు. టీ కొట్టు దగ్గర నానాజీ కనబడితే చాలు, “ఏటి మామా, మీ సినేమాకి సెకండాఫ్ తియ్యనేదేటి?” అని అడిగేవారు. అతను నవ్వేసి టీ తాగేవాడు. ఆ టీ మాత్రం చేదుగా దిగేది.

మూడోసారి ఓడిన రోజు సాయంత్రం ధనశ్రీ తండ్రి అప్పారావు బావమరిదిని అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు. అప్పారావు చెరకు రైతు. మాట నెమ్మది, పట్టు మాత్రం ఉడుంపట్టు.

“సూడు నానాజీ. వచ్చే ఏడుకి మా గుంట ధనశ్రీకి ఇంటరు అయిపోతాది. ఆ ఏడు కూడా ఆడనీ, నాను కాదన్ను. జిల్లా గెలిత్తే స్టేట్ కేంపుకి తీసుకుంతారంట గదా, ఎల్లనీ. ఓడిపోతే మాత్రం ఇంక ఆట మాట నా కాడ ఎత్తొద్దు. మందుల కంపెనీలో పేకింగుకి పంపిచ్చేత్తాను. మిగతా గుంటల అయ్యలు కూడా అదే అంతన్నారు.”

“ఒక్క ఏడు సాలు బావా,” అన్నాడు నానాజీ. అనేశాడు గానీ ఆ ఒక్క ఏడులో కొత్తగా ఏం చెయ్యాలో అతనికి తెలియదు. తెలిసిందల్లా ఇంకో బస్తా పెంచడమే.

ఆ జూన్‌లోనే ఊరి హైస్కూలుకు పీఈటీగా రూతమ్మ బదిలీ మీద వచ్చింది. చెరకు గెడలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ తరఫున పది కిలోమీటర్ల పరుగు పరిగెత్తిన మనిషి. కూతురు సుజి కూడా వెంట వచ్చి, నెల తిరక్కుండా జట్టులో చేరి ఎడమ మూల పట్టేసింది. రూతమ్మ మొదటిరోజు నానాజీ బస్తాలూ టైరూ అటూ ఇటూ తిరిగి చూసింది.

“బస్తాలెత్తితే దమ్మొస్తాదా అన్నయ్యా? పరిగెత్తాల.”

“పరిగెత్తితే పారిపోడం వత్తాది టీచరమ్మా, పట్టు రాదు.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు. ఇక్కడ ఇద్దరి కుందేళ్ళకూ మూడేసి కాళ్ళే. కొట్టుకోకుండా పంచుకున్నారు, అదీ వచ్చిన చిక్కు. పొద్దున్న రూతమ్మది: మెయిన్‌రోడ్డు దాకా పోయి రావడం, ఎనిమిది కిలోమీటర్లు. సాయంత్రం నానాజీది: బస్తాలు, టైరు. పొద్దున్న ఎంత పరిగెత్తించారని అతను అడగలేదు. సాయంత్రం ఎంత మోయించారని ఆమె అడగలేదు. ఆమె ఒక కిలోమీటరు పెంచిందని తెలిస్తే అతను బస్తాలో నాలుగు దోసిళ్ళ ఇసక పోసేవాడు. పంతం పెద్దవాళ్ళది, పిక్కలు పిల్లలవి. పాపం వాళ్ళు నోరెత్తలేదు. ఇది ఆఖరి ఏడని జట్టులో అందరికీ తెలుసు.

డిసెంబరు వచ్చింది, చెరకు నరుకుడు మొదలైంది. ఆ ఊళ్ళో ఒకరి చేను నరుకుడుకి ఇంకొకరు పనికి వెళ్ళడం, వాళ్ళు వీళ్ళ చేనుకి రావడం పూర్వం నుంచీ ఉన్న పద్ధతి. ఇంటికో మనిషి వెళ్ళాలి. కాలేజీ లేని రోజున ఆ మనిషి ఇంట్లో ఎదిగిన ఆడపిల్లే అవుతుంది. మగవాళ్ళు నరుకుతారు, ఆడవాళ్ళు మోపులు కట్టి నెత్తిన పెట్టుకుని చేలోంచి ట్రాక్టరు దాకా మోస్తారు.

జనవరి మధ్యలో రూతమ్మ తన స్కూలు పిల్లలతో ఒక ప్రాక్టీసు ఆట పెట్టించింది. తొమ్మిదీ పదీ చదివే పిల్లలు, కబడ్డీ సరదాకి ఆడేవాళ్ళు. జిల్లా ఫైనల్ ఆడిన జట్టు వాళ్ళ చేతిలో ఓడిపోయింది! సుజికి రెండు పిక్కలూ పట్టేసి నేల మీద పడి గిలగిల్లాడింది. ధనశ్రీ కూతకు వెళితే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, బెల్లం దిమ్మంత ఉంటుంది, మడమ పట్టుకుంది. అంతే, కూలబడిపోయింది. లేవలేదు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చింది.

“మామా, నా కాల్లు నావి కావు మామా.”

నానాజీ పరిగెత్తుకెళ్ళి ఆ కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆ బాధలో మనిషికి మొదట వచ్చేది కోపమే కదా. రూతమ్మ మీద విరుచుకుపడ్డాడు.

“నీ పరుగులు, టీచరమ్మా! పిల్లల్ని గుర్రాలనుకున్నావేటి?”

“మీ బస్తాలు మాత్రం తక్కువా? వీళ్ళేమైనా కళాసీలా?” సుజి పిక్కలు ఒత్తుతూ ఆమె కూడా అంతే గట్టిగా అంది. అని, పక్కనే ఉన్న ధనశ్రీ మెడ వంక చూసి ఆగింది. మెడ నిండా చెరకు ఆకు కోసిన గీరలు. జుట్టు నడినెత్తిన నలిగి అణిగిపోయి ఉంది. “ఏటే ఇది? ఈవేళ చేనుకెళ్ళేవా?”

“ఎల్లేనండి. పొద్దున్న పరుగవగానే ఎల్లేను.”

“ఎన్ని మోపులు మోసేవు?”

“లెక్కెట్టనేదండి. యాబయ్యో అరవయ్యో ఉంతాయి. సుజి తప్ప అందరం ఎల్లేం.”

రూతమ్మ ధనశ్రీ మెడ మీది గీరలు వేలితో తడిమింది. తర్వాత నానాజీ వైపు తిరిగి, ఈసారి నెమ్మదిగా అడిగింది.

“అన్నయ్యా, మీరు రోజంతా దిమ్మలు మోసి ఇంటికొచ్చి ఏటి చేస్తారు?”

“ఏటి సేత్తాను? తొంగుంతాను.”

“అప్పుడు ఎవరన్నా లేపి బస్తా భుజాన పెట్టి గుంజిళ్ళు తియ్యమంటే?”

“ఎవడు తీత్తాడు? ఆడి పీక...” అంటూ ఆగిపోయాడు నానాజీ.

ఆ ఊళ్ళో పని పనే, ఆట ఆటే. మోపు మొయ్యడాన్ని బరువెత్తడమని ఎవరూ అనరు. రోజంతా నెత్తిన మోసి వచ్చిన పిల్లను చూసి ‘ఈవేళ నువ్వేం చెయ్యలేదు, రా, బస్తా ఎత్తు’ అంటారు. పొలం నుంచి వచ్చిన ఆడదాన్ని ‘ఖాళీగానే ఉన్నావు కదా, వంట చెయ్యి’ అనడం లేదూ? అలాంటిదే. మిగతావాళ్ళంటే సరే. మోసి మోసి మెడ పోగొట్టుకున్న నానాజీకి తట్టద్దూ? తట్టలేదు. ఆ సిగ్గు అతన్ని ఆ సాయంత్రం అన్నం తిననివ్వలేదు.

మర్నాడు మార్కెట్టు నుంచి వచ్చి నిద్ర మానేసి రూతమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె టీ ఇచ్చి, తమ్ముడు బెన్‌హర్ తెచ్చిన మాడుగుల హల్వా ప్లేటులో పెట్టింది. నానాజీ టీ తాగాడు, ప్లేటు జరిపేశాడు.

“సుగరా అన్నయ్యా?”

“సుగరూ నేదు, గాడిదగుడ్డూ నేదు. నాను మాడుగుల హల్వా తిని ఇరవై నాలుగేల్లయ్యింది.”

ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది అప్పుడు చెప్పాడు. ఇరవై రెండేళ్ళ వయసులో మాడుగులలో జరిగిన ఫైనల్. చివరి కూత అతనిదే. ఒకడిని ముట్టుకున్నాడు. ముగ్గురు మీద పడ్డారు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చేశాడు, ఇంకా జానెడు దూరం. బలం ఉంది, కావలసినంత ఉంది. ఊపిరి అయిపోయింది. కూత తెగింది. గెలిచినవాళ్ళు హల్వా పొట్లాలు పంచుకుంటూ వెళ్ళిపోయారు.

“నాకు నేని దమ్ము ఈల్లకి ఎలగ ఇవ్వాలో నాకు తెల్దు టీచరమ్మా. కండే ఇచ్చేను. అదీ ఇప్పుడు ఇరగ్గొట్టేత్తన్నాను. నువ్వు సెప్పు, నాను ఇంతాను.”

రూతమ్మ కళ్ళు దించుకుంది. “నేనూ తప్పే చేసేను అన్నయ్యా. నాకొచ్చిన పరుగే నేర్పేను. కబడ్డీ పది కిలోమీటర్ల ఆట కాదు కదా. ముప్పై సెకండ్ల కూత. మళ్ళీ కూత, మళ్ళీ పట్టు. అన్నిసార్లూ అదే బలంతో చెయ్యాల. పొద్దున్నంతా ఈడ్చి పరిగెత్తించి, అలిసిన కాళ్ళ మీద సాయంత్రం బరువు పెడితే ఆ బరువు ఎక్కడ పడతాది? గోరుచుట్టు మీద రోకలిపోటే. రెండూ కావాల. కానీ ఒకదాని నెత్తిన ఒకటి కాదు.”

గోడ మీద చర్చి వాళ్ళిచ్చిన పెద్దక్షరాల కేలండరు ఉంది. దాన్ని కిందకు దించి నేల మీద పరిచారు. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాక అర్థమైంది, ఇందులో మొదట రాయాల్సింది పరుగూ కాదు, బస్తా కాదు. ఎవరి చేను ఎప్పుడు నరుకుతారో అది. నానాజీ ఆ సాయంత్రమే ఊరంతా తిరిగాడు. “మీ సేను ఎప్పుడు నరుకుతారు మామా?” అని గుమ్మం గుమ్మానికీ అడుగుతుంటే, బెల్లం బేరానికి వచ్చాడనుకుని ఒకాయన మజ్జిగ కూడా ఇచ్చాడు.

మోపు మోసిన రోజు బరువు రోజే. ఆ రోజు బస్తా ముట్టకూడదు. సాయంత్రం కోర్టులో అడుగులు, చేతిపట్లు, అంతవరకే. మోపులు లేని రోజుల్లో వారానికి రెండు సాయంత్రాలు బస్తాలు. అవి కూడా ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడే, బాగా బరువువి, కొద్దిసార్లే. మెయిన్‌రోడ్డు పరుగు తీసేశారు. దాని బదులు బరువు లేని రోజుల్లో ముప్పై సెకండ్ల కూత పరుగు, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ కూత పరుగు. మొదట ఆరు, తర్వాత ఎనిమిది, పది. ఆదివారం అందరికీ సెలవు. చర్చికి వెళ్ళేవాళ్ళు చర్చికి, మిగతావాళ్ళు చాప మీదకు. రోజూ ఇన్ని వేరుశనగలూ బెల్లమూ తినాలి. బెల్లానికి వాళ్ళ ఊళ్ళో లోటేముంది!

కాగితం మీద రాసుకోవడం తేలిక. ఆచరించడమే నానాజీ ప్రాణం మీదకొచ్చింది. అతని జన్మలో పని తగ్గించి ఎరగడు. పిల్లలు నీడన కూర్చుని వేరుశనగలు వలుచుకుంటుంటే చేతులు దురద పెట్టేవి. ఒకరోజు అప్పారావు ట్రాక్టరు మీద పోతూ ఆపి మరీ చూశాడు.

“ఏటి నానాజీ, ఆఖరి ఏడని తెలిసి కూడా కూకోబెట్టి కబుర్లు సెప్పిత్తన్నావేటి?”

“పొద్దున్న నీ సేలోనే మోసేరు బావా. అది నా లెక్కలోకి వచ్చీసింది,” అన్నాడు నానాజీ. అప్పారావు అర్థం కానట్టు చూసి బండి కదిలించాడు.

ఫిబ్రవరి వచ్చేసరికి తేడా కనబడసాగింది. పదో కూత పరుగు కూడా మొదటిదంత వేగంగా పరిగెత్తుతోంది ధనశ్రీ. అది చూసిన నానాజీకి మళ్ళీ ఆశ పుట్టింది. ఆశ పుడితే అత్యాశ కూడా పుడుతుంది. ఫైనల్ వారంలో ఇంకొంచెం రుద్దితేనో? రూతమ్మ ఒప్పుకోలేదు. ఆ వారం అన్నీ సగమే అంది. చివరి రెండు రోజులు అసలేమీ వద్దంది. ఆ రెండు సాయంత్రాలూ నానాజీ ఒక్కడే మైదానానికి వెళ్ళి, టైరు తనే పల్టీలు కొట్టించుకుని ఇంటికొచ్చాడు. ఎవరో ఒకరు కొట్టాలిగా మరి!

ఫైనల్ అనకాపల్లిలో, కాలేజీ గ్రౌండులో. ఎదురు జట్టు నాతవరం. గట్టి పిల్లలు, నిరుడు కప్పు వాళ్ళదే. ఆట మొదలైంది. ఆ పదిహేను నిమిషాలు నానాజీకి పదిహేనేళ్ళు. ఎందుకంటే విరామానికి వేగివారిపాలెం నాలుగు పాయింట్లు వెనక ఉంది. ఎప్పుడూ లేనిది, మొదటి సగంలోనే వెనక!

“ఈసారి ఇంటర్వెల్ దాకా కూడా ఆడనేదురా సినేమా!” అని జనంలోంచి ఎవడో అరిచాడు. నవ్వులు. అప్పారావు చేతులు కట్టుకుని తాడు అవతల నిలబడి ఉన్నాడు. నవ్వలేదు.

నానాజీ పిల్లల దగ్గరకు దాదాపు పరిగెత్తాడు. తిట్టేసేవాడే. తీరా వెళ్ళాక ఒకటి గమనించాడు. నిరుడూ ముందేడూ ఈ అయిదు నిమిషాల్లో ఈ పిల్లలు నేల మీద వెల్లకిలా పడి ఉండేవాళ్ళు. ఇవాళ ఒక్కరూ పడుకోలేదు. సుజి నిలబడి గెంతుతోంది. ధనశ్రీ నీళ్ళు తాగి సీసా మూత పెడుతోంది, భుజాలు ఎగరడం లేదు.

“ఇంకా దమ్ముందేటే?” అనడిగాడు.

“సగం కూడా అవనేదు మామా,” అంది ధనశ్రీ.

నానాజీ తిట్టకుండానే వెనక్కొచ్చి రూతమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది.

రెండో సగం అయిదు నిమిషాలు గడిచేసరికి నాతవరం పిల్లలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ భంగిమ నానాజీకి బాగా తెలుసు. మూడేళ్ళు తన పిల్లల్లో చూశాడు. వాళ్ళ మీద జాలి కూడా కలిగింది. సుజి వరసగా రెండు పట్లు పట్టింది. నాలుగు రెండయింది, రెండు ఒకటయింది. నాతవరం మళ్ళీ రెండు లాగింది. వీళ్ళు మళ్ళీ కలిపారు. ఆఖరికి ఇరవై ఏడూ ఇరవై ఏడు. ఒక్క కూతకు మాత్రమే సమయం ఉంది, కూత వేగివారిపాలెం వాళ్ళది. ధనశ్రీ గీతకు దండం పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

“కబడ్డీ కబడ్డీ కబడ్డీ...”

నానాజీ పెదవులు కూడా కదలడం మొదలెట్టాయి. అనుకుని చేసిందేమీ కాదు. ధనశ్రీతోపాటే ఊపిరి పీల్చాడు, ఆ పిల్లతోపాటే కూత మొదలుపెట్టాడు. ధనశ్రీ కుడివైపుకు వెళ్ళి వచ్చింది. ఎడమవైపుకు వెళ్ళింది. ఇరవై సెకండ్లు దాటాక చెయ్యి విసిరి మూలనున్న పిల్ల భుజం తాకింది. తాకీ తాకగానే ఆ పిల్ల తొడ పట్టేసింది, ఇంకో పిల్ల నడుం పట్టేసింది. ముగ్గురూ కింద పడ్డారు. గీత రెండు చేతుల దూరంలో ఉంది.

ధనశ్రీ మోచేతుల మీద లేచింది. ఇద్దరినీ ఈడ్చుకుంటూ పాకింది. ఎన్ని మోపులు మోసిన నడుం అది! ఒక చెయ్యి దూరం. ఇంకా జానెడు. సరిగ్గా అక్కడ నానాజీ ఛాతీ మండింది, కళ్ళకు చీకట్లు కమ్మాయి, నోరు తెరుచుకుని గాలి మింగేసింది. కూత తెగిపోయింది. ‘అయిపోనాది,’ అనుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళ నాటి ఆ జానెడే మళ్ళీ కళ్ళముందుకొచ్చింది.

కానీ కోర్టులోంచి ఇంకా వినబడుతోంది. సన్నగా, బొంగురుగా, ఎక్కడా తెగకుండా. “కబడ్డీ కబడ్డీ కబడ్డీ...” తెగింది తన కూత. ఆ పిల్లది కాదు. ధనశ్రీ చెయ్యి చాచింది, వేళ్ళు గీత అవతల పడ్డాయి. ఈల మోగింది. రిఫరీ చెయ్యి వేగివారిపాలెం వైపు లేచింది.

ఆ తర్వాత గోల సంగతి చెప్పేదేముంది. సుజి తల్లి మీదకు దూకింది. మిగతావాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. నానాజీ మాత్రం కూర్చున్నచోటే ఉండిపోయాడు. తాడు దాటుకుని అప్పారావు వచ్చి పక్కన నిలబడ్డాడు. కూతురి వైపే చూస్తున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“నానాజీ... కేంపుకి గుంట ఏటేటి పట్టుకెల్లాలంట?”

జవాబు చెప్పడానికి నానాజీకి ఊపిరి చాలలేదు. బావ చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.